పాత మోటారుబండ్లు: ఇంజను భాగముల మార్పిడి



మార్కాపురము, కంభము, గిద్దలూరు, దోర్నాల, ఎఱ్ఱగొండపాలెము ప్రాంతములలో పాత లారీనో, పాత జీపునో కొని, బాగుచేయించుకొని, దానిపై సంసారము నీడ్చువారు పెక్కండ్రు గలరు. పలకల బరువులు, మిరపకాయ బస్తాలు, కందులు, ప్రత్తి, కూలికి పోవు జనము, అన్నియు అట్టి బండ్లమీదనే పోవుచుండును. బండి ఇంజను చెడినప్పుడు క్రొత్తది కొనుటకు చేతిలో సొమ్ముండదు. అప్పుడు మెకానిక్కు, "ఫలానా పాతబండి ఇంజను దొరకుచున్నది, మన బండికి అమరును" అని చెప్పును. బండివాడు ఆ మాట విని, ధైర్యము చాలక, మంచిచెడ్డలు తెలిసిన మీవంటివారి యొద్దకు వచ్చును. మీరు మోటారు యంత్రమును విప్పి చూచినవారు కాకపోవచ్చును. అయినను, ఆతడు తెచ్చు అప్పు ఎంతటిదో, ఆ బండి యెక్కువారు ఎవరెవరి బిడ్డలో, ఆ బండి దిగవలసిన కనుమ ఎంత యేటవాలో మెకానిక్కుకంటె మీకే బాగుగ తెలియును. కావున ఆ సమయమున అడుగవలసిన ప్రశ్నలు కూడ మీకు తెలిసియుండుట మంచిది. వానిని చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలయును. భాగము అమరుట వేఱు, తగుట వేఱు. ఒకరి చెప్పు మఱియొకరి కాలికి ఎక్కవచ్చును. ఎక్కినంతమాత్రమున దానితో దోర్నాలనుండి శ్రీశైలము వఱకు నడచి చూడుడన్నచో ఎవరు సాహసింతురు? బోల్టులు బిగిసినవి, ఇంజను పలికినది అనుట చెప్పు కాలికెక్కినదనుట వంటిదే. ఆ మీది నడక సంగతి విచారింపవలసి యున్నది.

ఒక బండి భాగము మఱియొక బండికి అమరుట మోటారుతో వచ్చిన వింతయే. మన యెద్దుబండ్లను చూడుడు. వడ్రంగి ఏ యిరుసునకు తగినట్లు ఆ చక్రమును చేయును. కమ్మరి ఏ చక్రమునకు తగిన పట్టాను దానికే కాల్చి తొడుగును. కంభము బండిచక్రమును తీసి గిద్దలూరు బండికి తొడుగబోయిన యెడల బిగుతైనను కావలయును, వదులైనను కావలయును. తొలినాటి మోటారుకార్లును చాలవఱకు ఇట్లే యుండెడివి. పనివారు ప్రతి భాగమును ఆకురాయితో రాచి ఆ కారునకే సరిపెట్టెడివారు. 1908వ సంవత్సరమున ఇంగ్లండులోని బ్రూక్లాండ్సు పందెపుబాటయొద్ద ఒక పరీక్ష జరిగెను. అమెరికా దేశపు కాడిలాకు కార్లు మూడింటిని ఊడదీసి, భాగములన్నిటిని ఒకే కుప్పగా కలిపివేసి, అందుండి 89 భాగములను తొలగించి, వానికి బదులుగా అమ్మకపు నిలువలోని భాగములను చేర్చి, ఆ కుప్పనుండి మరల మూడు కార్లను కూర్చిరి. ఆ మూడును 500 మైళ్లు పరుగిడినవి. ఆ దినమున జనులు దానిని గారడివలె చూచిరి. నేడు మార్కాపురపు బాటప్రక్క దుకాణమునకు పోయి ఫలానా బండి పిస్టను కావలెనని అడిగి తెచ్చుకొనుచున్నామన్నచో ఆ గారడి ఫలమే.

ఆ సంవత్సరముననే ఫోర్డు కంపెనీవారి టీ మాదిరి కారు వెలువడెను. 1917లో వారు అదే ఇంజనుతో ఒక టన్ను బరువు మోయు లారీని చేసిరి. దానికి టీటీ యని పేరు. ఇరువది గుఱ్ఱముల బలముగల ఆ ఇంజను కారులో నున్నను, లారీలో నున్నను ఒక్కటే. కాని లారీ చట్రమును బలముగా చేసిరి. వెనుక ఇరుసులోని పండ్లచక్రములను వేఱుగా పెట్టిరి. అందుచే అది మెల్లగ పోవును, బరువు లాగును. చేసినవారే ఇంజనును కారునుండి లారీకి మార్చునప్పుడు తక్కిన బండినంతయు దానికి అనుగుణముగ మార్చిరి. చెట్టునీడను గొలుసుకప్పీ కట్టి పనిచేయు మనవారికి ఆ జాగ్రత్త అంతకంటె ఎక్కువ యుండవలసినదే గాని తక్కువ యుండరాదు.

మన దేశమున 1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలో షెవర్లే బండ్లను కూర్చు కార్ఖానాను తెఱచిరి. 1937 తరువాతి షెవర్లే ఆఱు సిలిండర్ల ఇంజను, 216 ఘనపుటంగుళములది, కార్లలోను లారీలలోను గూడ ఉండెడిది. 1941లో లారీలకై 235 ఘనపుటంగుళముల ఇంజను వచ్చెను. బయటికి రెండును అన్నదమ్ములవలె కనబడును. లోపల బోరును వేఱు, పిస్టను నడచు నిడివియు వేఱు. ఆ చిన్న ఇంజనులో కనెక్టింగు రాడ్ల బేరింగులు తెల్లలోహము పోసి చేసినవి. వానికి నూనె ముఖ్యముగా అడుగునగల చిన్న చెంచాలవంటి కొనలు చిలుకరించుటచేత అందెడిది. అట్టి ఇంజను నెమ్మదిగ నడపినచో చిరకాలము బ్రదుకును. అదరగొట్టినచో బేరింగు కరగును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలునకు రేషను వచ్చినప్పుడు చెన్నరాజధానిలో బస్సుల వెనుక బొగ్గుపొయ్యిలను తగిలించి, ఆ బొగ్గు గ్యాసుతో ఇంజనులను నడిపిరి. తాతల నోట ఆ కథ వినియుందురు. ఇంజనులో మార్పు స్వల్పమే. బలము మాత్రము మూడవవంతునుండి సగము వఱకు తగ్గెడిది. ఎగువబాట వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయుట ఆ కాలమున ప్రయాణములో భాగమే. నవ్వుకొనుటకు బాగుగనే యున్నది గాని, ఇంజనుకు వేయు ఆహారమును మార్చినచో దాని స్వభావమే మాఱునను పాఠము అందున్నది.

యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమువారు విడిచిన లారీలు వేలములలో అమ్ముడుపోయినవి. ఆ తరువాత, 1950ల నాటికి, డీజిలు యుగము వచ్చెను. మద్రాసులోని సింప్సను కంపెనీవారు పెర్కిన్సు పీ6 అను ఆఱు సిలిండర్ల డీజిలు ఇంజనును తయారుచేసిరి. దాని బోరు మూడున్నర అంగుళములు, స్ట్రోకు అయిదు అంగుళములు. బలము సుమారు 83 గుఱ్ఱములు. బెడ్‌ఫర్డు మొదలైన పెట్రోలు లారీల యజమానులు తమ ఇంజనులను తీయించి ఈ పీ6ను పెట్టించుకొనిరి. పెట్రోలుకంటె డీజిలు చౌక. పైగా గాలనుకు ఎక్కువ మైళ్లు వచ్చును. ఆ లెక్కలో తప్పేమియు లేదు. కాని పెట్రోలు ఇంజను నిమిషమునకు మూడు వేల చుట్లకు పైబడి తిరుగగా, ఈ డీజిలు ఇంజను 2400 చుట్లకే కట్టుబడి యుండును. వెనుక ఇరుసు పండ్లు మార్చనిచో లారీ వేగము ఆ మేరకు తగ్గును. డీజిలు ఇంజను బరువు ఎక్కువ గనుక ముందరి కమానుపట్టీలు కుంగును. ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ వేయించు పలక నడిమి రంధ్రము తలవెండ్రుకంత ప్రక్కకు జరిగినను గేరుపెట్టె షాఫ్టు కొద్దినెలలలో అరగిపోవును. ఇవన్నియు ధననష్టములు మాత్రమే. ప్రాణనష్టమును తెచ్చునది మఱియొకటి గలదు. అది బ్రేకు సంగతి. దీనిని కొంత వివరముగ చెప్పుట అవసరము.

పెట్రోలు ఇంజను గాలిని పీల్చు త్రోవలో ఒక రెక్క అడ్డుగా నుండును. డ్రైవరు కాలు తీసినప్పుడు ఆ రెక్క మూసికొనును. ఇంజను పీల్చుచునే యుండును. అందుచే లోపలి గొట్టమున శూన్యత యేర్పడును. ఆ శూన్యతను సన్నని గొట్టముద్వారా బ్రేకు డబ్బాకు తెచ్చి, డ్రైవరు కాలిబలమునకు తోడుగ వాడుదురు. పెక్కు పెట్రోలు లారీల బ్రేకులు ఇట్టివే. డీజిలు ఇంజనులో సాధారణముగ అట్టి రెక్క లేదు. గాలి అడ్డులేక లోనికి పోవును. కావున బ్రేకునకు చాలినంత శూన్యత పుట్టదు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టినప్పుడు శూన్యతను పుట్టించు పంపును వేఱుగా తగిలింపవలయును. తగిలింపనిచో ఏమగును? ఊరిలో చదునునేలమీద నడిపి చూచినప్పుడు ఏమియు తెలియదు. బ్రేకు కొంచెము గట్టిగ నున్నదని మాత్రము తోచును. నిండుబరువుతో కనుమ దిగునప్పుడు ఆ బ్రేకు కాలిక్రింద బండరాయి యగును.

ఇక్కడ ఇంకొక మెలిక గలదు. మన డీజిలు బండ్లలో పెక్కింటికి ఆ శూన్యపు పంపు కరెంటు పుట్టించు ఆల్టర్నేటరు వెనుకనే అతికియుండును. ఆల్టర్నేటరు కాలిపోయినదని పెట్రోలు కారుదానిని చౌకగా తెచ్చి బిగించితిరనుకొనుడు. దీపములు వెలుగును, బ్యాటరీ నిండును, హారను మ్రోగును. బ్రేకునకు తోడ్పాటు మాత్రము పోయినది. చేసినవాడు కరెంటు పని చేసితిననుకొనును. బ్రేకును తాకితినని వానికి తోచదు. అందువలన ఏ భాగమును మార్చినను, "ఈ పాతభాగము ఇదిగాక ఇంకేపని చేయుచుండెను?" అని అడుగుట మఱువకుడు. నా దృష్టిలో ఈ ప్రసంగమంతటిలోను ముఖ్యమైన ప్రశ్న ఇదియే.

దిగువబాటలో గేరులో పెట్టి ఇంజనుచేతనే బండిని ఆపుకొనుట డ్రైవర్ల అలవాటు, మంచి అలవాటే. కాని పెట్రోలు ఇంజను పట్టినట్లు అంతే పరిమాణముగల డీజిలు ఇంజను పట్టదు. డీజిలులో గాలిని నొక్కుటకు పోయిన బలము చాలవఱకు పిస్టను దిగునప్పుడు తిరిగి వచ్చును, నొక్కి విడిచిన స్ప్రింగువలె. అందుకే పెద్ద డీజిలు లారీలకు పొగగొట్టమును మూయు బ్రేకును ప్రత్యేకముగ అమర్చుదురు. పాత ఇంజనుతో పది సంవత్సరములు ఆ కనుమను దిగిన డ్రైవరు, ఇంజను మారిన పిమ్మట అదే గేరులో అదే ధైర్యముతో దిగరాదు.

ఎంత వేడి పుట్టునో లెక్కకట్టి చూడుడు. పది టన్నుల లారీ నూఱు మీటర్ల ఎత్తునుండి ఒకే వేగమున దిగినచో, ఆ దిగుటవలన విడుదలయగు శక్తితో 30 డిగ్రీల వేడిగల నీటిని 33 లీటర్లు మరుగు స్థితికి తేవచ్చును. ఆ వేడిలో అధికభాగము నాలుగు చక్రముల డ్రమ్ములలోనే పుట్టవలయును. దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు బాటయందును, గిద్దలూరునుండి నల్లమలమీదుగ నంద్యాలకు పోవు బాటయందును దిగుడు ఒక్కటి కాదు. బలమైన ఇంజనును పెట్టినచో బండి ఎక్కువ బరువును ఎగువకు లాగును. లాగినదంతయు అవతలివైపు దిగవలసినదే. బ్రేకులు మాత్రము పాత బరువునకు చేసినవి. ఇంజను బలము పెంచినారన్నచో, "బ్రేకులను ఏమి చేసితిరి?" అని వెంటనే అడుగుడు. జవాబు తడబడినచో ఆ బండిలో మన యూరి కూలిజనమును ఎక్కనీయకుడు.

ఇక కొలతల సంగతి. 1954లో టాటావారు జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజివారితో కూడి లారీలను చేయ మొదలిడిరి. అవి మిల్లీమీటరు కొలతలవి. బెడ్‌ఫర్డు, మారిసు వంశపు బండ్లు అంగుళపు కొలతలవి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టును, అంగుళములో పదునాఱింట అయిదు వంతుల బోల్టును ప్రక్కప్రక్కన పెట్టినచో కన్ను పోల్చలేదు. లావులో భేదము మిల్లీమీటరులో నూఱింట ఆఱు వంతులే. కాని మొదటిదాని మరచుట్టుకును చుట్టుకును నడుమ ఎడము ఒకటింబావు మిల్లీమీటరు. రెండవదాని సన్నమరలో ఒక మిల్లీమీటరుకు స్వల్పముగ ఎక్కువ. ఒకదాని నట్టు రెండవదానిమీద రెండు చుట్లు సుఖముగ తిరుగును. ఆపైన బిగుతు తగులును. అది బిగిసినదని పనివాడు సంతోషించును. నిజమునకు అది మర చెడుచున్న గుర్తు. అట్టి నట్టుతో నిలిపిన హెడ్డుగాని, చక్రముగాని ఎప్పుడు వదలునో చెప్పలేము.

టాటావారి ఇంజనుల పేర్లలోనే కొంత కొలత దాగియున్నది. 697 అనగా ఆఱు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 497 అనగా నాలుగు సిలిండర్లు, అదే బోరు. బోరు ఒక్కటే గదా, లారీ పిస్టను 407 బండికి వేయవచ్చునని తొందరపడరాదు. ఆ 697 ఇంజనులో స్ట్రోకు 128 మిల్లీమీటర్లు. మొత్తము 5675 ఘనసెంటీమీటర్లు. 1986లో వచ్చిన 407 బండి తొలి ఇంజనులో స్ట్రోకు 100 మిల్లీమీటర్లే, మొత్తము 2956. పిస్టను తలనుండి పిన్ను రంధ్రము వఱకు గల యెత్తు, తలలోని గుంట ఆకారము, రింగుల వరుస, ఇవన్నియు సరిపడినగాని పిస్టను సరిపడదు. పెట్టెమీది భాగపు సంఖ్యను చదివించుకొనుడు. సంఖ్య కలియనిచో కొలిపించుకొనుడు.

దీనికంటె వింతయైనది అంబాసిడరు కారు సంగతి. దాని 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను చిరకాలము మన బాటలనేలినది. అదే వంశమున అదే 1489 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజనును వచ్చినది. రెంటికిని బోరు ఒక్కటే, స్ట్రోకు ఒక్కటే. వెలుపల చూచిన వారికి అవి కవలలు. కాని పెట్రోలు ఇంజను గాలిని ఏడెనిమిది రెట్లు నొక్కును. డీజిలు ఇరువది రెట్లకు పైగా నొక్కును. ఆ ఒత్తిడికి పెట్రోలు పిస్టను నిలువదు. కొలబద్ద మాత్రము రెండును ఒక్కటే యని సాక్ష్యము చెప్పును! కొలత కలిసినచోట గూడ మోసమున్నదనుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కఱలేదు. 1992లో ఆ కారునకే ఇసుజువారి 1800 పెట్రోలు ఇంజనును కంపెనీవారే పెట్టిరి; దానితోపాటు అయిదు గేర్ల క్రొత్త పెట్టెను గూడ ఇచ్చిరి. 2014లో ఆ కారు తయారగుట ఆగిపోయినది గనుక, దాని భాగములు నానాటికి పాతబండ్లనుండియే దొరకవలసి వచ్చుచున్నది.

మఱి ఏ భాగములను నిర్భయముగ మార్చుకొనవచ్చును? కారుబరేటరు, రేడియేటరు, నీటిపంపు, సెల్ఫుమోటారు వంటి పైభాగములను, ఒకే వంశపు బండ్ల నడుమ కొంచెము చూచుకొని మార్చుకొనవచ్చును. సెల్ఫుమోటారు ఎటు తిరుగునో, దాని పండ్లు ఎన్నియో చూడవలయును. రేడియేటరు మాత్రము చిన్న ఇంజనుది పెద్దదానికి వేయరాదు. మన యెండలకు అది ఒక్క వేసవియు నిలువదు. క్రాంకుషాఫ్టు, పిస్టనులు, హెడ్డు వంటివి లేతు షాపులో మైక్రోమీటరుతో కొలిచినగాని కొనరాదు. క్రాంకును ఇంతకుముందే ఎన్నిమార్లు సానపట్టించిరో అడుగుడు. అంగుళములో వేయింట పది వంతులు, ఇరువది, ముప్పది, నలుబది అని దిగుదురు. సాధారణముగ నలుబదికి దిగినది వృద్ధాప్యమున నున్నదని తెలిసికొనుడు. బ్రేకు గొట్టములు, మాస్టరు సిలిండరులోని రబ్బరులు, స్టీరింగు కీళ్లు పాతవి కొనుటయే తగదు. విజయవాడలోని ఆటోనగరమున పాతభాగములు గుట్టలుగా దొరకును; ఈ మూడింటికి మాత్రము అక్కడికి పోయినను క్రొత్తవానినే అడుగవలయును. మిగిల్చిన నాలుగు రూపాయలు ఇంకెక్కడనైన మిగిల్చుకొనవచ్చును.

పాతబండి ఇంజనును బావియొద్ద నీటిపంపునకు కట్టువారును గలరు. ఈ మెట్టసీమలో నీటికొఱకు పడు పాట్లు తెలిసినవారెవరును వారిని తప్పుపట్టజాలరు. అయినను మూడు సంగతులు. కారు పెట్రోలు ఇంజనుకు వేగమును అదుపులో నుంచు గవర్నరు సాధారణముగ ఉండదు. పంపు పట్టీ తెగినచో ఇంజను ఒక్కసారి పిచ్చివేగమెత్తి రాడ్డు విఱుగవచ్చును. వేడెక్కిన ఇంజనుమీద బావి చల్లనీరు గుమ్మరించినచో పోతయినుము పగులును. మూడవది అన్నిటికంటె ఘోరమైనది. నీరు లోతునకు పోయినదని ఇంజనును బావిలోని మెట్టుమీదికి దింపి నడపరాదు. దాని పొగలోని కార్బను మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. బావిలో అది నిలిచిపోవును. దిగినవాడు కూలిపోవును, వానిని తీయబోయినవాడును కూలిపోవును. పొగగొట్టమునకు రబ్బరుగొట్టము తగిలించి పైకి పెట్టితిమి గదా యని దిగుట గూడ ప్రమాదమే.

చట్టము సంగతి కొంత. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము వచ్చునట్లు బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమునే గట్టిపఱచినది. అనగా జీపులో లారీ ఇంజనును పెట్టుట మెకానిక్కు చేయగలిగిన పని కావచ్చును గాని యజమాని చేయదగిన పని కాదు. చెడిన ఇంజనుకు బదులుగా అదే కంపెనీ, అదే రకపు ఇంజనును పెట్టదలచినను ముందుగా రవాణా కార్యాలయమువారి అనుమతి పొందవలయును. మార్పు జరిగిన 14 దినములలోగా తెలియజేసి, క్రొత్త ఇంజను సంఖ్యను పత్రములో వ్రాయించుకొనవలయును. ఇది కాగితపు తతంగమని కొట్టివేయువారున్నారు. నేనట్లు తలంపను. ప్రమాదము జరిగిన దినమున భీమా కంపెనీవారు ఇంజను సంఖ్యను చూతురు. పత్రములో ఒకటి, ఇనుమున ఒకటి యున్నచో చనిపోయినవాని భార్యకు రావలసిన సొమ్ము వివాదమున పడవచ్చును. అంతేగాక సంఖ్యను ఆకురాయితో రాచిన ఇంజను దొంగిలించినది కావచ్చును. అమ్మువానినుండి అది ఏ బండినుండి వచ్చినదో తెలుపు చీటీని, ఆ బండి పత్రపు నకలును తీసికొనుడు. ఇయ్యననువానితో బేరము వలదు.

ప్రభుత్వ కార్యాలయముల పాత జీపులను వేలములో కొని బాగుచేయించుకొను అలవాటు పూర్వము మెండుగ నుండెడిది. 1-4-2023 నుండి 15 ఏండ్లు నిండిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను కొనసాగింపు లేదు. అవి తుక్కు చేయు కేంద్రములకు పోవలసినవే. "వేలపు జీపు, కాగితములు తరువాత వచ్చును" అను మాటను నమ్మి బయానా ఇయ్యకుడు.

కొనబోవు ఇంజనును చూచుటకు తెల్లవాఱుజామున పోవుట మంచిది. అమ్మువాడు ముందుగనే వేడిచేసి యుంచినచో దాని రోగము దాగును. చల్లగా నున్నప్పుడు సులభముగ అంటుకొనవలయును. పొగ నీలముగ నున్నచో నూనె కాలుచున్నది. వేడెక్కిన తరువాతను దట్టమైన తెల్లపొగ తగ్గకున్నచో నీరు లోనికి దిగుచున్నదేమో, నాజిళ్లు చెడినవేమో చూపింపవలయును. నల్లగ నున్నచో ఇంధనము ఎక్కువగుచున్నది, లేక గాలి చాలుట లేదు. నూనె పోయు మూతను తీసి చూడుడు. అక్కడ పొగ బుసకొట్టుచు వచ్చినచో రింగులు అరగినవి. నూనె పులిసిన మజ్జిగవలె నున్నచో అందు నీరు కలిసినది. ఆ బేరము వదలుకొనుడు. అరగంట నడిపిన పిమ్మట నూనె ఒత్తిడి ముల్లు ఎక్కడ నిలుచునో చూచి, ఆ అంకెను చీటీమీద వ్రాసికొనుడు. మెకానిక్కు మంచివాడైనచో మీరు వ్రాసికొనుచున్నందుకు కోపింపడు.

ఇంజనును బిగించిన తరువాత మొదటి వేయి కిలోమీటర్లు సగము బరువుతో, మితమైన వేగముతో నడిపింపుడు. వేడెక్కిన హెడ్డు చల్లారిన పిమ్మట, దాని బోల్టులను తయారీవారు చెప్పిన బిగువునకు మరల సరిచూడవలసిన రకమా యని అడిగి, అవసరమైనచో చూపింపుడు. వేయి కిలోమీటర్లు నిండగనే నూనెను మార్పించుడు. ఆ పాతనూనెను తెల్లగుడ్డమీద వడకట్టి చూచినచో మెఱయు రజను కొంత కనబడును. అది క్రొత్త భాగములు ఒండొంటితో రాచుకొన్నందువలన వచ్చినది. రవ్వలో, పెళ్లలో కనబడినచో బండిని మార్కాపురము దాటనీయక, మరల విప్పింపుడు. ఏమియు లేనిచో ఖాళీబండిని గిద్దలూరు కనుమకు పంపి, ఎక్కించి, దింపించి, దిగిన తోడనే నాలుగు చక్రముల డ్రమ్ములయొద్దను చేయి దగ్గఱగా చాపి చూడుమని డ్రైవరునకు చెప్పుడు, తాకవలదనుడు. ఒకే ఇరుసుమీది రెండు డ్రమ్ములలో ఒకటి సెగలు గ్రక్కుచు రెండవది చల్లగా నున్నచో బ్రేకు ఒకవైపే పనిచేయుచున్నదన్నమాట. దానిని సరిచేయించిన పిమ్మటనే పలకల బరువును ఎత్తింపుడు.